దేవుడి పక్షాన వాదన



క్రమం తప్పకుండా చర్చికి వెళ్ళే ఇంట్లో పిల్లవాడు ఇంటర్ అయ్యాక ఇంజనీరింగు చదువుతానంటే ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. అమ్మాయి నర్సింగుకు వెళ్తానంటే ప్రార్థన చేసి పంపుతారు. అదే, తత్వశాస్త్రం చదువుతానని ఎవరైనా అంటే మాత్రం ఇంట్లో రెండు దిగుళ్ళు మొదలవుతాయి. ఒకటి ఉద్యోగం గురించి. దానికి నా దగ్గర గట్టి జవాబు లేదు కాబట్టి ఈరోజు దాని జోలికి పోను. రెండోది విశ్వాసం గురించి. ఆ పుస్తకాలు చదివితే దేవుడే లేడంటాడేమోనని తల్లి భయపడుతుంది. సంఘంలో పెద్దలు కొలొస్సయులకు పౌలు రాసిన పత్రిక రెండో అధ్యాయం తీసి, తత్వజ్ఞానం పేరుతో వచ్చే మోసానికి లొంగవద్దన్న హెచ్చరిక చూపిస్తారు.

ఆ భయం ఉత్తదేనని కొట్టిపారేయలేం. తత్వశాస్త్రం చదివి విశ్వాసం వదిలేసినవాళ్ళు ఉన్నారు. అదే చదివి విశ్వాసంలోకి వచ్చినవాళ్ళూ ఉన్నారు. రెండు వైపులా తలలు లెక్కపెడితే తేలే విషయం కాదిది. విశ్వాసికి ఈ చదువు ఏం నేర్పగలదు, ఏం నేర్పలేదు అన్నది చూడాలి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. దేవుడి పక్షాన మాట్లాడేటప్పుడు సైతం చెల్లని వాదన చెయ్యకూడదన్న పట్టింపు ఒకటుంది. తత్వశాస్త్రం విశ్వాసికి ఇవ్వగలిగినవాటిలో అది అన్నిటికన్నా విలువైనది. అది గ్రీకుల దగ్గర అరువు తెచ్చుకున్నదనుకుంటే పొరపాటు. బైబిల్లోనే ఉంది.

ముందు పౌలు సంగతి. కొలొస్సయులను హెచ్చరించిన ఆ పౌలే ఏథెన్సులో ఏం చేశాడో అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయం చెబుతుంది. ఎపికూరీయులు, స్తోయికులు అనే రెండు తాత్విక వర్గాలవాళ్ళు ఆయనతో వాదానికి దిగి, అరేయొపగు సభకు తీసుకెళ్ళారు. అక్కడ పౌలు మోషే ధర్మశాస్త్రం ఎత్తలేదు, ప్రవక్తల పేర్లు చెప్పలేదు. వినేవాళ్ళకు అవి తెలియవు. ఆ ఊరి బలిపీఠం మీద చెక్కి ఉన్న మాటతో మొదలుపెట్టి, గ్రీకు కవులు అన్నదాన్నే ఆధారం చేసుకుని తన దేవుణ్ణి పరిచయం చేశాడు. ఆయన వాడుకున్న పాదం అరాటస్ అనే కవిది. పునరుత్థానం మాట వచ్చేసరికి కొందరు నవ్వారు. కొందరు ఇంకోసారి వింటామన్నారు. కొద్దిమంది నమ్మారు. ఆ నమ్మినవాళ్ళలో సభ సభ్యుడు దియొనూసి ఒకడు, దమరి అనే స్త్రీ ఒకరు. ఆలోచనను నిషేధించినవాడు చేసే పని కాదది. పౌలు వద్దన్నది మోసపు వాదనను. దాన్ని గుర్తుపట్టాలంటే సరైన వాదన ఎలా ఉంటుందో తెలిసి ఉండాలి గదా.

ఇక యోబు గ్రంథం. యోబు నీతిమంతుడు. ఆస్తి పోయింది, పిల్లలు పోయారు, ఒళ్ళంతా కురుపులు లేచాయి. ఎలీఫజు, బిల్దదు, జోఫరు అనే ముగ్గురు స్నేహితులు ఓదార్చడానికి వచ్చారు. ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు ఏమీ మాట్లాడకుండా నేల మీద అతని పక్కన కూర్చున్నారు. అంతవరకు బాగానే ఉంది. నోరు తెరిచాకే గొడవంతా. వాళ్ళ వాదన క్లుప్తంగా ఇది: దేవుడు న్యాయవంతుడు, న్యాయవంతుడు పాపం చేసినవాణ్ణే శిక్షిస్తాడు, నీకు శిక్ష పడింది, కాబట్టి నువ్వు పాపం చేశావు. వినడానికి మెట్టుకు మెట్టు సరిగ్గానే ఉంది, దేవుడి పరువు కాపాడుతున్నట్టూ ఉంది. కానీ ప్రతి కష్టమూ శిక్షేనని వాళ్ళకు ఎవరు చెప్పారు? ఆ మెట్టు వాళ్ళు ఊహించుకున్నది. యోబు ఒప్పుకోలేదు. దేవుడి కోసం అబద్ధమాడతారా అని వాళ్ళను నిలదీశాడు. దేవుణ్ణే కోర్టుకు పిలిచినంతగా కేకలు వేశాడు. చివరికి తీర్పు ఎటు వచ్చింది? తనను సమర్థించిన ముగ్గురి మీదా దేవుడు కోపగించాడు. తనను ప్రశ్నించిన యోబు సరిగ్గా మాట్లాడాడన్నాడు. పైగా ఆ ముగ్గురి కోసం యోబు ప్రార్థన చెయ్యాల్సి వచ్చింది.

ఈ కథ ఎక్కడో ఊజు దేశంలో ఎప్పుడో జరిగినట్టు చదువుతాం గాని, మన ఊళ్ళల్లో ఇది వారానికోసారి జరుగుతుంది. ఇరవై ఏళ్ళ కుర్రాడు బైకు మీద వెళ్తుంటే లారీ గుద్ది చనిపోయాడు. ఇంటిముందు టెంటు వేశారు, ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే తల్లి దగ్గరికి వెళ్ళి చేయి పట్టుకుని, "దేవుడికి ఇష్టమై తీసుకున్నాడమ్మా" అంటారు. "మంచివాళ్ళను ముందే పిలుచుకుంటాడు" అంటారు. అన్నవాళ్ళ మనసు మంచిదే. కానీ ఆ మాటలు నిజమైతే వాటితోపాటు ఇంకేమేమి ఒప్పుకోవాలో చూడండి. దేవుడికి ఇష్టమయ్యే తీసుకున్నాడంటే, తాగి లారీ నడిపినవాడు దేవుడి ఇష్టాన్ని నెరవేర్చినట్టా? మరి వాడి మీద కేసెందుకు పెట్టారు? మంచివాళ్ళనే ముందు పిలుస్తాడంటే, గోడకు ఆనుకుని ఏడుస్తున్న తమ్ముడు తన గురించి ఏమనుకోవాలి?

ఒక మాట అన్నాక, ఇది నిజమైతే ఇంకేది నిజం కావాలి, ఏది అబద్ధం కావాలి అని వెంటబడి అడగడమే తత్వశాస్త్రం చేసే పని. శవం పక్కన కూర్చుని చేసే పని కాదది. ముందే ఎప్పుడో చేసి ఉంటే, అక్కడికి వెళ్ళినప్పుడు ఏం అనకూడదో తెలుస్తుంది. యోబు స్నేహితుల్లాగా ఆ మొదటి ఏడు రోజులు ఎలా కూర్చోవాలో తెలుస్తుంది.

తొలి శతాబ్దాల సంఘంలో ఈ చదువు గురించి రెండు పక్షాలు ఉండేవి. జస్టిన్ అనే ఆయన సమరయ ప్రాంతంలో పుట్టాడు. సత్యం కోసం గురువు తరువాత గురువును పట్టుకుని తిరిగాడు. అరిస్టాటిల్ సంప్రదాయపు గురువు ముందు ఫీజు సంగతి తేల్చమన్నాడట. పైథాగరస్ సంప్రదాయపు గురువు సంగీతం, ఖగోళం, క్షేత్రగణితం నేర్చుకుని అప్పుడు రమ్మన్నాడట. ప్లేటో మార్గంలో కొంతకాలం ఉండి, ఆపైన క్రైస్తవుడయ్యాడు. అయ్యాక కూడా తత్వవేత్తలు కప్పుకునే అంగవస్త్రం తీసెయ్యలేదు. సత్యం ఎక్కడ కనిపించినా అది క్రీస్తుదేనన్నది ఆయన నమ్మకం. సుమారు 165లో రోములో హతసాక్షి అయ్యాడు. రెండో పక్షం కార్తేజికి చెందిన టెర్టూలియన్‌ది. యెరూషలేముకు ఏథెన్సుతో పనేమీ లేదన్నాడు. తమాషా ఏమిటంటే, ఆత్మ గురించి గ్రంథం రాసినప్పుడు ఆత్మ కూడా ఒక రకమైన శరీరమేనని వాదించాడు. అది స్తోయికుల సిద్ధాంతం. తత్వశాస్త్రానికి తలుపు మూసేశాననుకున్నవాడి ఇంట్లో అప్పటికే అది కాపురం ఉంది. తత్వశాస్త్రం నాకొద్దు అనేవాడికి తత్వం లేకుండా పోదు. ఎవరిదో ఒకరిది, పరీక్షించి చూడనిది, మిగిలిపోతుంది.

ఉత్తర ఆఫ్రికాలో 354లో పుట్టిన అగస్టీను జీవితంలో ఈ విషయం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. తల్లి మోనికా గట్టి విశ్వాసి. కొడుకు చదువు కోసం కార్తేజి వెళ్ళాడు. అక్కడ రోమన్ రచయిత సిసెరో రాసిన ఒక పుస్తకం, తత్వశాస్త్రం ఎందుకు చదవాలో చెప్పే పుస్తకం, చేతికొచ్చింది. క్రైస్తవ గ్రంథం కాదది. అయినా తన ప్రార్థనలు దేవుడి వైపు తిరగడానికి అదే కారణమని ఆయనే తరవాత రాసుకున్నాడు. ఆ వెంటనే చర్చికి వెళ్ళలేదు. మానీ అనే పారశీక ప్రవక్త అనుచరులతో దాదాపు తొమ్మిదేళ్ళు గడిపాడు. లోకంలో వెలుగు శక్తి ఒకటి, చీకటి శక్తి ఒకటి ఉన్నాయని, చెడు అంతా చీకటి నుంచి వచ్చిందని వాళ్ళ బోధ. సూర్యచంద్రుల గురించి, గ్రహణాల గురించి కూడా వాళ్ళ గ్రంథాల్లో బోలెడు కథలు ఉండేవి. ఖగోళ పండితులేమో గ్రహణం ఏ రోజు, ఏ గంటకు పడుతుందో ముందే లెక్క కట్టి చెప్పేవాళ్ళు, అలాగే పడేది. మానీ కథలకు, ఈ లెక్కలకు పొంతన కుదరలేదు. ఫౌస్టస్ అనే పెద్ద గురువు వస్తాడు, అన్నీ విప్పి చెబుతాడు అన్నారు. ఆయన వచ్చాడు. మాట తీపి, మనిషి మర్యాదస్తుడు. అడిగితే ఆ లెక్కలు తనకు తెలియవని ఒప్పుకున్నాడు. అగస్టీనుకు ఆ మతం మీద నమ్మకం సడలడానికి అది ముఖ్యమైన కారణం.

తరవాత మిలాన్‌లో ప్లేటో అనుయాయుల పుస్తకాలు చదివాడు, అక్కడి బిషప్పు అంబ్రోసు ప్రసంగాలు విన్నాడు, 387 ఈస్టరుకు బాప్తిస్మం తీసుకున్నాడు, చివరికి హిప్పో పట్టణానికి బిషప్పు అయ్యాడు. బిషప్పుగా ఆదికాండానికి వ్యాఖ్యానం రాస్తూ తన సొంత సంఘాన్నే హెచ్చరించాడు. నక్షత్రాల గురించి, భూమి గురించి, జంతువుల గురించి అవిశ్వాసికి బాగా తెలిసిన విషయాల్లో ఒక క్రైస్తవుడు బైబిలు పేరు చెప్పి అర్థంలేని మాటలు మాట్లాడితే, విన్నవాడు పునరుత్థానం గురించి అతను చెప్పేది మాత్రం ఎలా నమ్ముతాడు? మానీ మతంలో తాను కళ్ళారా చూసిన జబ్బు తన సంఘానికి అంటకూడదన్న ఆరాటం అది. రాసి పదహారు వందల ఏళ్ళు దాటింది. ఈనాటి వాట్సాప్ గ్రూపులకు యథాతథంగా పంపొచ్చు.

ఇప్పుడు 13వ శతాబ్దపు ప్యారిస్‌కు వద్దాం. అరిస్టాటిల్ గ్రంథాలు చాలావరకు పశ్చిమ ఐరోపాకు శతాబ్దాలపాటు దూరమై ఉండి, అప్పుడే తిరిగి వస్తున్నాయి. వాటిలో కొన్ని అరబ్బీ పండితుల చేతుల మీదుగా వచ్చాయి. వాటితోపాటు ఇబ్న్ సీనా, ఇబ్న్ రుష్ద్ అనే ముస్లిం తత్వవేత్తల వ్యాఖ్యలూ వచ్చాయి. సంఘ పెద్దలకు గుబులు పుట్టింది. అరిస్టాటిల్ ప్రకృతి గ్రంథాలను బోధించకూడదని 1210లో ప్యారిస్‌లో నిషేధం పెట్టారు, 1215లో మళ్ళీ పెట్టారు. 1255 వచ్చేసరికి అదే విశ్వవిద్యాలయంలో అవే పాఠ్యగ్రంథాలయ్యాయి. ఈ మలుపులో నిలబడినవాడు థామస్ అక్వినాస్. ఇటలీలో రోక్కాసెక్కా కోటలో 1225 ప్రాంతంలో పుట్టాడు. భిక్షాటన మీద బతికే డొమినికన్ సన్యాసుల్లో చేరతానంటే ఇంట్లోవాళ్ళు దారికాచి పట్టుకుని ఏడాదిపాటు నిర్బంధించారు. మనిషి లొంగలేదు.

ఆయన మహాగ్రంథం సుమ్మా థియొలాజికా. అందులో ఒక పేజీ తీసి చూద్దాం. ప్రశ్న: దేవుడు ఉన్నాడా? సన్యాసి రాసిన పుస్తకం, కాబట్టి ఉన్నాడనే మొదలవుతుందనుకుంటాం. లేడనడానికి ఉన్న కారణాలతో మొదలవుతుంది. మొదటిది: అంతులేని మంచి అనేది ఒకటుంటే చెడుకు చోటే ఉండకూడదు, లోకంలో చెడు కళ్ళెదుటే ఉంది, కనుక దేవుడు లేడు. రెండోది: ప్రకృతిలో జరిగేవాటికి ప్రకృతిలోనే కారణాలు దొరుకుతున్నాయి, మనుషులు చేసేవాటికి మనుషుల బుద్ధి, సంకల్పం చాలు, కొద్ది కారణాలతో సరిపోయే దానికి ఇంకొకటి ఎందుకు? నేటి నాస్తికుడు వేదికెక్కి చెప్పేవి కూడా ముఖ్యంగా ఈ రెండే. థామస్ వాటిని వెక్కిరించలేదు, బలహీనపరచలేదు. వాటి పూర్తి బలంతో రాశాడు. ఆపైన తన సమాధానం చెప్పాడు. చివర్లో మళ్ళీ ఒక్కో ఆక్షేపణకు విడివిడిగా జవాబిచ్చాడు. ఈ వరస మనకు కొత్తది కాదు. మన శాస్త్రకారులు ముందు పూర్వపక్షం పెట్టి, ఆ తరవాతే సిద్ధాంతం చెప్పేవారు. ఎదుటివాడి మాటను అతనికన్నా బాగా చెప్పగలిగితేనే దాన్ని ఖండించే అర్హత వస్తుందని అక్కడా ఇక్కడా ఒకే నియమం.

ఇంకో సంగతి నాకు ఇంతకన్నా ముఖ్యంగా తోస్తుంది. లోకానికి మొదలు లేదని అరిస్టాటిల్ అన్నాడు. దేవుడు ఆదిలో సృష్టించాడని బైబిలు అంటుంది. బొనవెంతురా అనే మరో గొప్ప పండితుడు, థామస్‌కు సమకాలికుడు, లోకానికి మొదలు ఉందని తర్కంతోనే నిరూపించవచ్చన్నాడు. మొదలు లేకపోతే ఈ రోజుకు ముందు అనంతమైన రోజులు గడిచి ఉండాలి. అనంతాన్ని దాటి రావడం ఎవరి తరమూ కాదు. ఈ రోజు వచ్చేసింది కాబట్టి గడిచిన రోజులకు లెక్క ఉంది, మొదలు ఉంది. బాగుంది కదా? ఇప్పటికీ యూట్యూబులో దేవుడున్నాడని రుజువు చేసేవాళ్ళు ఈ వాదన వాడుతూనే ఉన్నారు. థామస్ కూడా లోకానికి మొదలు ఉందనే నమ్మాడు. అయినా ఈ వాదన చెల్లదన్నాడు. దాటి రావడమంటే ఒకచోట బయల్దేరి ఇంకోచోటికి చేరడం. గడిచిన కాలంలో మీరు ఏ రోజును వేలుపెట్టి చూపించినా, ఆ రోజు నుంచి ఈ రోజు వరకు లెక్కపెట్టగలిగినన్ని రోజులే ఉంటాయి. మొదలే లేదన్నవాడు బయల్దేరిన రోజు ఒకటుందని ఒప్పుకోడు గదా. అందుకని మొదలు ఉందనీ లేదనీ తర్కం తేల్చలేదు, దేవుడు తెలియజేశాడు కాబట్టి నమ్ముతున్నాను అన్నాడు.

తన పక్షానికి లాభించే వాదనను తానే పక్కన పెట్టాడు. ఎందుకంటే, గట్టిగా నిలబడని కారణాలు చూపించి విశ్వాసాన్ని నిరూపించబోతే అవిశ్వాసులు నవ్వుతారు, మనం నమ్మేది ఇలాంటి కారణాల మీదేనని అనుకుంటారు అని రాశాడు. త్రిత్వం గురించి కూడా అంతే. దేవుడు ఉన్నాడని తర్కంతో చెప్పవచ్చు గాని, ఆయన తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ అని తర్కం నిరూపించలేదని తెగేసి చెప్పాడు. తెలిసినదేది, నమ్మినదేది అని గీత గీసినవాడు ఆయన.

దీనికి ఆయనకు చేతికందిన బహుమానం చప్పట్లు కాదు. 1274 మార్చి 7న చనిపోయాడు. సరిగ్గా మూడేళ్ళకు, 1277 మార్చి 7న, ప్యారిస్ బిషప్పు 219 ప్రతిపాదనలను ఖండించాడు. వాటిలో కొన్ని థామస్ అభిప్రాయాలకు కూడా తగిలేవే. 1323లో ఆయనను పునీతుడిగా ప్రకటించాక, 1325లో ఆ ఖండనను ఆయన విషయంలో వెనక్కి తీసుకున్నారు. 1879లో 13వ లియో పోపు ఆయన తత్వానికి పెద్దపీట వేశాడు. ఇప్పుడు కథోలిక సంఘంలో ఫాదరు కావాలంటే కనీసం రెండేళ్ళు తత్వశాస్త్రం, ఆపైన నాలుగేళ్ళు దైవశాస్త్రం చదవాలి. మన జిల్లాల్లో పూజ చేసే ఫాదర్లూ ఆ మెట్టు ఎక్కి వచ్చినవాళ్ళే.

ఈ పట్టింపు మధ్యయుగంతో ఆగిపోలేదు. జె.ఎల్. మెకీ అనే తత్వవేత్త 1955లో ఒక వ్యాసం రాసి, సర్వశక్తిమంతుడూ పూర్తిగా మంచివాడూ అయిన దేవుడు ఉన్నాడనడం, చెడు ఉందనడం పరస్పర విరుద్ధమన్నాడు. అమెరికన్ క్రైస్తవ తత్వవేత్త ఆల్విన్ ప్లాంటింగా 1974లో దీనికి సమాధానం రాశాడు. దేవుడు చెడును ఎందుకు అనుమతిస్తాడో తనకు తెలుసని ఆయన చెప్పలేదు. నిజమైన స్వేచ్ఛ ఉన్న మనుషులను సృష్టిస్తే, వాళ్ళు తప్పు చెయ్యకుండా చూడడం దేవుడి చేతిలో కూడా లేకపోయే అవకాశం ఉంది, కాబట్టి ఆ రెండు మాటల మధ్య తార్కిక వైరుధ్యం లేదు, అంతే అన్నాడు. తన వాదన ఎంతవరకు వెళ్తుందో, ఎక్కడ ఆగిపోతుందో తనే చెప్పాడు. అది తల్లి కన్నీళ్ళు తుడిచే మాట కాదని ఆయనకు తెలుసు.

అయితే తత్వశాస్త్రం చెయ్యలేనిది కూడా ఒప్పుకోవాలి. ఫ్రెంచి గణితవేత్త బ్లేజ్ పాస్కల్‌కు 1654 నవంబరు 23 రాత్రి ఒక అనుభవం కలిగింది. దాన్ని కాగితం మీద రాసుకుని కోటు లోపల కుట్టుకున్నాడు. 1662లో ఆయన పోయాకే అది బయటపడింది. తాను కలుసుకున్నది అబ్రాహాము దేవుణ్ణి గాని, తత్వవేత్తలు, పండితులు చెప్పే దేవుణ్ణి కాదని అందులో భావం. థామస్ కూడా 1273 డిసెంబరులో ఒక రోజు పూజ తరవాత రాయడం మానేశాడు. తనకు కనిపించినదాని ముందు ఇన్నాళ్ళూ రాసినదంతా గడ్డితో సమానమన్నాడని చెబుతారు. మహాగ్రంథం సగంలో ఆగిపోయింది. వాదన మనిషిని మోకాళ్ళ మీద నిలబెట్టలేదు, ప్రార్థన నేర్పలేదు, క్షమించే మనసు ఇవ్వలేదు. కానీ ఒకటి గమనించండి. ఆ రాత్రి తరవాత పాస్కల్ ఆలోచించడం మానెయ్యలేదు. క్రైస్తవ విశ్వాసాన్ని ఆలోచనాపరులకు వివరించే గ్రంథానికి ముక్కలు ముక్కలుగా రాసుకుంటూ పోయాడు. థామస్ రాసినది గడ్డే అనుకున్నా, పాతికేళ్ళ కష్టం తరవాత అనగలిగిన మాట అది. పుస్తకం తెరవనివాడు ఆ మాట చెప్పి తప్పించుకోలేడు.

ఇక మనకు దగ్గరి ఉదాహరణ. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో 1903 నుంచి తత్వశాస్త్రం చెప్పిన స్కాట్లాండ్ మిషనరీ ఎ.జి. హాగ్. చదువుకునే రోజుల్లో ఆయన విశ్వాసమే ఒకసారి గట్టిగా కదిలింది. ఆ అనుభవంతోనే కాబోలు, దేవుడి మీద ఉంచే నమ్మిక వేరు, దాన్ని మాటల్లో పెట్టే సిద్ధాంతాలు వేరు అని బోధించాడు. సిద్ధాంతాలను పరీక్షించవచ్చు, సవరించవచ్చు. అంతమాత్రాన నమ్మిక చావదు. హిందువుల కర్మ సిద్ధాంతాన్ని శ్రద్ధగా చదివి 1909లో పుస్తకం వేశాడు. ఆ పుస్తకంలో హిందూమతాన్ని అర్థం చేసుకోవడంతోపాటు, క్రైస్తవ బోధను కూడా తిరిగి చెప్పుకోవాల్సిన అవసరం ఉందన్నాడు.

ఆయన తరగతిలో తిరుత్తణి నుంచి వచ్చిన తెలుగు కుటుంబపు కుర్రవాడు ఒకడు ఉండేవాడు. సర్వేపల్లి రాధాకృష్ణన్. హిందూ ధర్మం మీద మిషనరీలు చేసే విమర్శలు తనను కలవరపెట్టాయని, దాంతో తన సంప్రదాయాన్ని లోతుగా చదవక తప్పలేదని ఆయనే చెప్పుకున్నాడు. వేదాంతంలో నీతికి చోటు లేదన్న విమర్శకు జవాబుగా ఎం.ఏ. సిద్ధాంత వ్యాసం రాశాడు. 1908లో అది అచ్చయింది కూడా. మిషనరీల విమర్శను ఎదిరించే ఆ వ్యాసాన్ని మిషనరీ అయిన హాగ్ మెచ్చుకుని యోగ్యతాపత్రం ఇచ్చాడు. శిష్యుడు క్రైస్తవుడు కాలేదు. గురువు విశ్వాసం వదల్లేదు. వాదన బాగుంటే బాగుందని చెప్పడానికి గురువుకు మనసొప్పింది. అదే కాలేజీలో చదివిన నెల్లూరు మనిషి పండిపెద్ది చెంచయ్య, న్యాయమూర్తిగా పనిచేసిన క్రైస్తవుడు, భారతీయులు క్రీస్తును తమ ఆలోచనతో తాము అర్థం చేసుకోవాలని పట్టుబట్టాడు. యేసులో సృష్టే ఒక కొత్త మెట్టెక్కిందన్నాడు. మద్రాసు దగ్గరి తాంబరంలో 1938లో ప్రపంచ మిషనరీల మహాసభ జరిగినప్పుడు, ఆయనా మిత్రులూ కలిసి భారతదేశంలో క్రైస్తవాన్ని పునరాలోచించాలని ఒక పుస్తకమే తెచ్చారు. ఆయన చెప్పినవన్నీ ఒప్పుకోవాలని లేదు. కాదనేవాళ్ళు కారణం చెప్పి కాదనాలి.

ఇంత చెప్పాక, ఈ చదువుకు వెళ్ళే యువతీయువకులకు ఒకటి రెండు మాటలు. మీరు ఒప్పుకోని రచయితను చదివేటప్పుడు, ముందు అతని వాదనను అతనే తల ఊపేంత బాగా మీ మాటల్లో రాయండి. ఆ తరవాత మీ జవాబు రాయండి. అలాగే మీ నమ్మకాలను మూడు పద్దుల కింద విడదీయండి: మీకు తెలిసినవి, మీరు నమ్మేవి, ఇంట్లో వింటూ పెరిగాం కాబట్టి అలవాటైనవి. మూడో పద్దు మీరు అనుకున్నదానికన్నా పొడుగ్గా ఉంటుంది. అందులోవి కొన్ని పోయినా విశ్వాసం పోయినట్టు కాదు. చెల్లని వాదనను విశ్వాసానికి పునాది అని చెప్పి పెంచితే, అది చెల్లదని తెలిసిన రోజున పిల్లవాడు ఇల్లంతా కూలిందనుకుంటాడు. తప్పు చదువుది కాదు, పునాది అని చూపించినవాళ్ళది.

సంఘ పెద్దలకు కూడా ఒక మనవి. యూత్ మీటింగులో ఎవరైనా, దేవుడు మంచివాడైతే ఇలా ఎందుకు జరిగిందని అడిగినప్పుడు, సాతాను అడిగిస్తున్నాడని కూర్చోబెట్టకండి. అడిగినవాడు యోబు వరసలో ఉన్నాడు. జవాబు తెలిస్తే చెప్పండి. తెలియకపోతే తెలియదని చెప్పి, కలిసి చదువుదాం రమ్మనండి. ఆ మాట అనగలిగిన సంఘంలో పెరిగిన పిల్లలు ఏ విశ్వవిద్యాలయానికి వెళ్ళినా, అక్కడ కొత్తగా వినే ప్రశ్నలు తక్కువే ఉంటాయి.